వర్తకపు ఓడలు – యుద్ధ సేవలు

చెన్నపట్నంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ‘ఎమ్డెన్’ పేరు వినని పెద్దలు అరుదు. 1914వ సంవత్సరం సెప్టెంబరు 22వ తేదీ రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ఆ జర్మన్ యుద్ధనౌక మన రేవుకు ఎదురుగా వచ్చి నిలిచింది. సుమారు 130 గుండ్లు పేల్చి, బర్మా ఆయిల్ కంపెనీవారి చమురు తొట్లను తగులబెట్టి, మళ్ళీ చీకటిలో కలిసిపోయింది. ఆ మంటల వెలుగు చూచి భయపడి ఎందరో పట్నం విడిచి పోయారు. హైకోర్టు ప్రాకారం వద్ద ఆనాటి గుండు తగిలిన చోటును తెలిపే ఫలకం ఉన్నది. గడుసువాణ్ణి ‘ఎమ్డెన్’ అనడం ఇరుగుపొరుగు తమిళ సోదరుల వాడుకలో స్థిరపడిపోయింది.

ఎమ్డెన్ కథ ఇందరికి తెలిసినా, ఆ ఓడను హిందూ మహాసముద్రంలో బ్రతికించిన మరొక ఓడ పేరు తెలిసినవారు తక్కువ. దాని పేరు ‘మార్కోమానియా’. అది యుద్ధనౌక కాదు. హాంబర్గ్–అమెరికా కంపెనీకి చెందిన మామూలు సరకుల ఓడ. దానిపై చెప్పుకోదగిన ఫిరంగులు లేవు, ఉక్కు కవచం లేదు. దాని కడుపునిండా ఉన్నది బొగ్గు మాత్రమే. ఆ బొగ్గు లేకపోతే ఎమ్డెన్ చెన్నపట్నం దాకా వచ్చి ఉండేది కాదు.

యుద్ధ చరిత్రలు నౌకా సేనాధిపతులను గూర్చి, ఫిరంగులను గూర్చి విస్తారంగా చెబుతాయి. ధాన్యం, నూనె, బొగ్గు మోసుకొనే ఓడలు యుద్ధకాలంలో ఏమయ్యాయో, వాటిపై పనిచేసిన కళాసీల గతి ఏమిటో చెప్పేవి కొన్నే. సముద్రతీరాన నివసించే మన విద్యార్థులు ఆ రెండవ కథ కూడా తెలుసుకోవడం మంచిదని ఈ వ్యాసం ఉద్దేశం.

బొగ్గు మోసిన ఓడ

మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైనప్పుడు జర్మనీకి తూర్పు ఆఫ్రికా తీరాన తప్ప హిందూ మహాసముద్రంలో మరెక్కడా రేవు లేదు. ఆనాటి ఓడలు బొగ్గుతో నడిచేవి. కొద్దిరోజులు వేగంగా తిరిగితే ఓడలోని బొగ్గు నిలువలు హరించిపోతాయి. రేవు లేని యుద్ధనౌకకు బొగ్గు ఎక్కడ దొరుకుతుంది? అందుకు జర్మన్లు కనుగొన్న ఉపాయం సరకుల ఓడను వెంట తీసుకొని రావడం. 1914 ఆగస్టులో పసిఫిక్‌లోని తమ నౌకాబృందం నుండి విడివడినప్పుడు ఎమ్డెన్‌తోపాటు మార్కోమానియా కూడా బయలుదేరింది. జనసంచారం లేని దీవుల చాటున రెండు ఓడలూ ప్రక్కప్రక్కన నిలిచేవి. నావికులు ఎండలో, మసిలో, సంచులతో బొగ్గును ఒక ఓడ నుండి మరొక ఓడకు చేరవేసేవారు. అలలు లేచినప్పుడు రెండు ఓడలూ ఢీకొని ప్రక్కలు చొట్టలు పడేవి. అయినా పని ఆగరాదు.

ఎమ్డెన్ అధిపతి కార్ల్ ఫాన్ ముల్లర్ ఈ విద్యను ఇంకొక మెట్టు ముందుకు తీసుకొని వెళ్ళాడు. తాను పట్టుకొన్న ఓడలలో బొగ్గు ఓడ ఉంటే దానిని ముంచక, తన మనుషులను కొందరిని ఎక్కించి, తన సరఫరా ఓడగా మార్చుకొనేవాడు. గ్రీకు ఓడ ‘పొంటొపొరోస్’, ఆరు వేల టన్నులకు పైగా మేలురకం వేల్స్ బొగ్గుతో వచ్చిన ‘బురెస్క్’ ఆ విధంగా అతని చేతికి చిక్కినవే. నిన్నటి వరకు బ్రిటిష్ వారికి బొగ్గు మోసిన ఓడ నేడు వారి శత్రువుకు మోయసాగింది.

ఇందులో ఇంకొక విశేషమున్నది. సెప్టెంబరు 10వ తేదీన బంగాళాఖాతంలో ఎమ్డెన్ ముంచిన ‘ఇండస్’ కూడా మార్పు పొందిన సరకుల ఓడయే. భారతదేశం నుండి సైన్యాలను తీసుకొని పోవడానికి దానిని సిద్ధపరచి, గుర్రాలకు కొట్టములు కూడా కట్టి, కలకత్తా నుండి బొంబాయికి పంపుతుండగా అది దారిలో దొరికింది. సబ్బు కరవై ఉన్న ఎమ్డెన్ నావికులకు ఇండస్‌లో కావలసినంత సబ్బు లభించింది. అంటే ఆ రోజున ఉభయపక్షాల తరఫునా వర్తకపు ఓడలే యుద్ధ భారం మోస్తున్నవన్నమాట.

అక్టోబరు 12వ తేదీన సుమాత్రా సమీపంలో బ్రిటిష్ నౌక ‘యార్మత్’ మార్కోమానియాను పట్టుకొని ముంచివేసింది. నవంబరు 9న కోకోస్ దీవుల వద్ద ఆస్ట్రేలియా నౌక ‘సిడ్నీ’ ఎమ్డెన్‌ను ధ్వంసం చేసింది. ఆ రోజుననే బురెస్క్‌లోని జర్మన్లు ఓడ అడుగున ఉన్న కవాటాలు తెరచి దానిని తామే ముంచుకొన్నారు.

చట్టం ఏమంటున్నది?

వర్తకపు ఓడను యుద్ధానికి వాడుకోవడం న్యాయమేనా అన్న ప్రశ్న అప్పటికే తలెత్తి ఉన్నది. 1907లో హేగ్ నగరంలో జరిగిన అంతర్జాతీయ సమావేశం దీనికై ప్రత్యేకంగా ఒక ఒడంబడికను రూపొందించింది. దాని ప్రకారం యుద్ధనౌకగా మారిన వర్తకపు ఓడ నేరుగా ప్రభుత్వపు అధికారం క్రింద ఉండాలి. తన దేశపు యుద్ధనౌకల చిహ్నాలు ధరించాలి. దాని అధిపతి ప్రభుత్వ సేవలో నియమితుడై ఉండాలి. సిబ్బంది సైనిక క్రమశిక్షణకు లోబడాలి. యుద్ధ నియమాలు పాటించాలి. మార్పు జరిగిన సంగతిని వీలైనంత త్వరలో యుద్ధనౌకల పట్టికలో ప్రకటించాలి.

వ్రాతలో ఇది స్పష్టంగానే ఉన్నది. సముద్రం మీద మాత్రం హద్దులు అంత స్పష్టంగా లేవు. ఫిరంగి ఎక్కిన ఓడ యుద్ధనౌక అయితే, ఆ ఫిరంగికి మందుగుండు మోసిన ఓడ ఏమవుతుంది? విమానాన్ని మోస్తూ, క్రింద గోధుమలు కూడా మోసే ఓడను ఏమనాలి? రెండవ ప్రపంచ యుద్ధం ఈ ప్రశ్నలను మరింత జటిలం చేసింది.

ఓడ నెత్తిన విమానాలు

1940 నాటికి బ్రిటన్ ప్రాణం అట్లాంటిక్ మహాసముద్రం మీద ఆధారపడి ఉన్నది. తిండిగింజలు, చమురు, ఆయుధ సామగ్రి అన్నీ అమెరికా ఖండం నుండి ఓడల గుంపులుగా రావలసినవే. జర్మన్ జలాంతర్గాములు ఆ గుంపులపై పడి ఓడలను ముంచుతున్నాయి. ఫ్రాన్సు తీరం నుండి ఎగిరే నాలుగు ఇంజన్ల ‘కాండోర్’ విమానాలు ఓడల జాడ కనిపెట్టి జలాంతర్గాములకు తెలుపుతున్నాయి. తీరాల నుండి లేచే బ్రిటిష్ విమానాలు సముద్రమధ్యానికి చేరలేవు. పెద్ద విమాన వాహక నౌకలు వేళ్ళమీద లెక్కించదగినన్ని మాత్రమే ఉన్నాయి.

మొదటి ఉపాయం చాల సాహసమైనది. 35 సరకుల ఓడల ముందుభాగాన పట్టాల వంటి నిర్మాణం అమర్చి, దానిపై ఒక్కొక్క ‘హరికేన్’ యుద్ధ విమానాన్ని ఉంచారు. శత్రు విమానం కనబడగానే రాకెట్ల సహాయంతో హరికేన్‌ను ఆకాశంలోకి విసరేవారు. ఎగరడానికి ఏర్పాటున్నది గాని, దిగడానికి లేదు. తీరం దగ్గరలో లేకపోతే పైలట్ పోరాటం ముగించుకొని, విమానాన్ని విడిచి సముద్రంలో పడి, ఏదో ఓడ తనను ఎత్తుకొంటుందని ఆశించవలసినదే. యుద్ధంలో మొత్తం 9 పర్యాయాలు ఇట్లా విమానాలు లేచాయి. ఒక్క పైలట్ మాత్రమే మరణించడం ఆశ్చర్యం. ఆ 35 ఓడలలో 12 ఓడలు మునిగిపోవడం మాత్రం ఆశ్చర్యం కాదు.

రెండవ ఉపాయం ‘ఆడాసిటీ’. దీని జన్మవృత్తాంతం వింతైనది. 1939లో జర్మనీలో నిర్మింపబడిన సరకుల ఓడ ‘హానోవర్’ 1940 మార్చిలో వెస్టిండీస్ సమీపంలో బ్రిటిష్, కెనడా నౌకలకు చిక్కింది. జర్మన్ సిబ్బంది ఓడకు నిప్పుపెట్టి ముంచబోయారు. బ్రిటిష్ నావికులు మంటలార్పి దానిని జమైకాకు లాగుకొని వచ్చారు. తరువాత ఇంగ్లండులోని బ్లైత్ రేవులో దాని పైభాగాలన్నీ తొలగించి, సుమారు 140 మీటర్ల పొడవున చదునైన పైకప్పు వేశారు. 1941 జూన్‌లో అది నౌకాదళంలో చేరింది. విమానాలను దించి దాచే గది అందులో లేదు. ఆరు ‘మార్ట్‌లెట్’ విమానాలు వానకూ, ఉప్పుగాలికీ పైకప్పు మీదనే ఉండేవి. ఒక విమానం దిగవలెనంటే మిగిలిన వాటిని వెనుకకూ ముందుకూ నెట్టుకోవలసి వచ్చేది.

1941 డిసెంబరు 14న జిబ్రాల్టర్ నుండి 32 ఓడల గుంపు ఒకటి బయలుదేరింది. దాని రక్షణ భారం కమాండర్ వాకర్‌ది. ఆడాసిటీ విమానాలు పగలంతా ఎగురుతూ జలాంతర్గాముల జాడలు తీసి, కాండోర్లను తరిమివేశాయి. ఆ ప్రయాణంలో జర్మన్లు ఐదు జలాంతర్గాములను పోగొట్టుకొన్నారు. బ్రిటిష్ వారు పోగొట్టుకొన్న సరకుల ఓడలు రెండే. అయితే డిసెంబరు 21 రాత్రి రక్షణ వలయానికి వెలుపల తిరుగుతున్న ఆడాసిటీని యు–751 అనే జలాంతర్గామి టార్పెడోలతో ముంచివేసింది. 73 మంది మరణించారు. ఓడ నౌకాదళ సేవలో ఉన్నది ఆరు నెలలే. ఆ ఆరు నెలలలోనే అది ఒక సత్యాన్ని రుజువు చేసింది: చిన్న సరకుల ఓడపై నాలుగైదు విమానాలున్నా చాలు, ఓడల గుంపు భద్రత ఎంతో మెరుగవుతుంది. అమెరికాలో కూడా ‘మోర్మాక్‌మెయిల్’ అనే సరకుల ఓడను మార్చి 1941 జూన్‌లోనే ‘లాంగ్ ఐలండ్’ అనే విమాన వాహక నౌకగా చేశారు. ఆ వరుసలో సరకుల ఓడల నమూనాలపై అమెరికావారు వందకు పైగా చిన్న విమాన వాహక నౌకలను నిర్మించారు.

క్రింద ధాన్యం, పైన విమానం

అమెరికా నౌకలు వచ్చేవరకు ఆగే వ్యవధి బ్రిటన్‌కు లేదు. సరకు మోయడం ఆపితే ప్రజలకు తిండి లేదు. విమానాలు లేకపోతే సరకు చేరదు. ఈ రెండు అవసరాలనూ ఒకే ఓడతో తీర్చాలన్న ఆలోచన నుండి పుట్టినవే ‘మాక్’ ఓడలు, అనగా వర్తక విమాన వాహకాలు. 1943, 1944 సంవత్సరాలలో ఇవి మొత్తం 19 పనిలోకి వచ్చాయి. అందులో 6 ధాన్యపు ఓడలు, 13 చమురు ఓడలు.

ధాన్యమూ, చమురూ మాత్రమే ఎందుకు? ఇక్కడనే ఈ ఆలోచనలోని తెలివి కనబడుతుంది. మామూలు సరకుల ఓడలో పెట్టెలను, మూటలను ఎక్కించి దించాలంటే ఓడ గర్భం మీది పెద్ద మూతలు తెరవాలి, క్రేన్లు ఆడాలి. పైన విమానాల కప్పు పరచివేస్తే అది సాధ్యం కాదు. చమురును గొట్టాల ద్వారా పోయవచ్చును, తోడవచ్చును. ధాన్యాన్ని కూడా గొట్టాలతో పోసి, గాలితో పీల్చి తీయవచ్చును. అందుచేత పైకప్పు మూసి ఉన్నా వీటి వ్యాపారం ఆగదు. మార్పు తరువాత కూడా ఈ ఓడలు తమ మామూలు సరకులో అధికభాగం మోయగలిగాయి.

మొదటిది స్కాట్లండులో తయారైన ‘ఎంపైర్ మాకాల్పైన్’. ధాన్యపు ఓడలలో విమానాలకు చిన్న గది, పైకి తెచ్చే లిఫ్టు ఉండి నాలుగు విమానాలు పట్టేవి. చమురు ఓడలలో గది లేదు, మూడు విమానాలు పైకప్పు మీదనే. ఆ విమానాలు ‘స్వార్డ్‌ఫిష్’లు. రెండంతస్తుల రెక్కలు, గుడ్డ తొడుగు, నెమ్మది నడక, చూపరులకు పాతకాలపు వస్తువులు. కాని ఆ నెమ్మదితనమే ఇక్కడ అక్కరకు వచ్చింది. పొట్టి కప్పు మీద, ఊగే ఓడ మీద వేగపు విమానాలు దిగజాలవు.

ఈ ఓడలు నౌకాదళానివి కావు. అధిపతి వర్తక నౌకల కెప్టెనే. ఎగిరేది వర్తకుల ఎర్ర పతాకమే. విమానాలు నడిపే నౌకాదళ యువకులు కూడా ఓడ ఒప్పంద పత్రంపై సంతకం చేసి, లెక్కకు వర్తక నావికులుగా చేరవలసి వచ్చింది. కొందరు ఉత్సాహవంతులు తమ విమానంపై ఉన్న ‘రాయల్ నేవీ’ అన్న అక్షరాలను చెరిపి ‘మర్చంట్ నేవీ’ అని వ్రాసుకొన్నారట!

మాక్ ఓడల విమానాలు ఒక్క జలాంతర్గామినైనా ముంచినట్లు రుజువు లేదు. అయితే వాటి సేవ నిష్ఫలమా? అవి వెంట నడచిన 217 ఓడల గుంపులలో శత్రువు దాడి ఫలించినది ఒక్కదానిపైననే. విమానం ఆకాశంలో ఉన్నంతసేపు జలాంతర్గామి నీటి అడుగున దాగి ఉండవలసినదే. దాగినది గుంపును వెంబడించలేదు. అయితే ఈ ఫలితమంతా మాక్ ఓడలదే అనడం న్యాయం కాదు. 1943 మే తరువాత అట్లాంటిక్‌లో యుద్ధగతే మారిపోయినది. అయినను ఓడకు ఓడ కాపలా కాసిన ఈ ఏర్పాటు తన వంతు పని చేసిందనడంలో సందేహం లేదు. యుద్ధం ముగిసిన తరువాత పైకప్పులు విప్పించుకొని ఈ ఓడలు తిరిగి తమ వర్తకానికి వెళ్ళిపోయాయి.

మన తీరంలో 1942

ఇటువంటి రక్షణ లేకపోతే ఏమి జరుగుతుందో మన తూర్పుతీరం స్వయంగా చూచింది. 1942 ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబో రేవుపై దాడి చేసినప్పుడు మునిగిన వాటిలో ‘హెక్టర్’ ఒకటి. అది బ్లూ ఫన్నెల్ కంపెనీవారి వర్తకపు ఓడ. ఫిరంగులు అమర్చి దానిని సాయుధ నౌకగా మార్చారు. మరునాడు, ఏప్రిల్ 6న, విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు పడ్డాయి. అదే సమయంలో జపాన్ నౌకాబృందం బంగాళాఖాతంలో ఒంటరిగా, కాపలా లేకుండా పోతున్న సరకుల ఓడలను ఇరవైకి పైగా ముంచివేసింది. బ్రతికిన నావికులు కొందరు చిన్న పడవలలో ఒడిశా తీరానికి చేరుకొన్నారు.

విశాఖలో సింధియా కంపెనీవారి ఓడల నిర్మాణశాలకు డాక్టర్ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. దాడి కారణంగా ఆ పని వెనుకబడింది. 1948 మార్చి 14న అక్కడ నిర్మితమైన ‘జల ఉష’ను ప్రధాని నెహ్రూ జలప్రవేశం చేయించారు. ఆ ఓడ యుద్ధనౌక కాదు, సరకుల ఓడ కావడం గమనార్హం. తన సరకును తన ఓడలో మోసుకోలేని దేశం శాంతిలోనూ యుద్ధంలోనూ పరాధీనమే అన్న సంగతిని ఆనాటి పెద్దలు బాగా గ్రహించారు.

అట్లాంటిక్ కన్వేయర్

ఈ కథ 1945తో ముగియలేదు. 1982 ఏప్రిల్‌లో ఫాక్లండ్ దీవుల కోసం బ్రిటన్, అర్జెంటీనాల మధ్య యుద్ధం వచ్చింది. బ్రిటన్ నుండి ఆ దీవులు సుమారు 8,000 మైళ్ళ దూరం. అంత దూరం సైన్యాన్ని నడిపే ఓడలు నౌకాదళం వద్ద చాలినన్ని లేవు. వర్తక కంపెనీల నుండి దాదాపు 50 ఓడలను తీసుకొన్నారు. వాటిలో క్యూనార్డ్ కంపెనీవారి కంటైనర్ ఓడ ‘అట్లాంటిక్ కన్వేయర్’ ఒకటి.

డెవన్‌పోర్ట్ రేవులో సుమారు పది రోజులలో దాని రూపం మార్చారు. పైభాగాన రెండు ప్రక్కలా కంటైనర్లను గోడలుగా పేర్చి, నడుమ విమానాలకు గాలివానల నుండి చాటు కల్పించారు. హెలికాప్టర్లు, నిలువుగా లేచి దిగే హారియర్ విమానాలు వాలడానికి చోటు చేశారు. ఏప్రిల్ 25న బయలుదేరిన ఆ ఓడ దారిలో 14 హారియర్లను ఎక్కించుకొని యుద్ధరంగం చేర్చింది. అవి విమాన వాహక నౌకల మీదికి వెళ్ళిపోయాయి. సైన్యాన్ని, ఫిరంగులను మోయవలసిన హెలికాప్టర్లు, సైనికుల గుడారాలు, ఇతర సామగ్రి ఇంకా ఓడలోనే ఉన్నాయి. ఇంత విలువైన బరువు మోస్తున్న ఓడకు క్షిపణులను ప్రక్కదారి పట్టించే సాధనాలను మాత్రం అమర్చలేదు.

మే 25న అర్జెంటీనా విమానాలు వదలిన ‘ఎక్సోసెట్’ క్షిపణులు రెండు ఆ ఓడకు తగిలాయి. ఓడ అంటుకొన్నది. కెప్టెన్ ఇయాన్ నార్త్‌తో సహా 12 మంది మరణించారు. మూడు పెద్ద చినూక్ హెలికాప్టర్లు, ఆరు వెసెక్స్ హెలికాప్టర్లు కాలిపోయాయి. అప్పుడు గాలిలో ఉన్న ఒక్క చినూక్ మిగిలింది. మూడు రోజుల తరువాత ఓడ మునిగిపోయింది. హెలికాప్టర్లలో వెళ్ళవలసిన సైనికులలో పెక్కుమంది బరువులు వీపున మోసుకొని చలిలో, బురదలో నడచి రాజధాని చేరవలసి వచ్చింది. ఒక్క సరకుల ఓడ మునిగితే ఒక సైన్యం నడక మారిపోతుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

కళాసీల లెక్క

ఇంతవరకు ఓడలను గూర్చి చెప్పుకొన్నాము. ఓడలు తమంతట తాము నడవవు గదా! రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వర్తక నౌకలలో పనిచేసిన భారతీయ నావికులు వేల సంఖ్యలో ఉన్నారు. బొగ్గు వేసేవారు, ఇంజను గదిలో నూనె పోసేవారు, వంటవారు, పైభాగాన త్రాళ్ళు లాగే కళాసీలు, వారిపై పెత్తనం చేసే సరంగులు. టార్పెడో తగిలేది తరచు ఇంజను గది ప్రాంతంలోనే. అక్కడ ఉన్నవారికి పైకి వచ్చే వ్యవధి దొరికేది కాదు.

వీరి జీతం అదే ఓడలో పనిచేసే బ్రిటిష్ నావికుని జీతంలో చిన్న భాగం మాత్రమే. 1939లో యుద్ధం ఆరంభం కాగానే బ్రిటిష్ రేవులలో భారతీయ నావికులు జీతాలు పెంచమని సమ్మె చేశారు. కొందరు జైళ్ళకు వెళ్ళారు. ఆ పోరాట ఫలితంగా కొంత పెంపు లభించింది, సమానత్వం మాత్రం లభించలేదు. బ్రిటిష్ నావికుని స్థితి కూడా మేలైనదేమీ కాదు. 1941లో నిబంధన మారేవరకు ఓడ మునిగిన నాటి నుండి అతని జీతం నిలిచిపోయేది. ప్రాణం దక్కించుకొని పడవలో తెడ్డు వేస్తున్న మనిషికి ఆ రోజు కూలి లేదన్నమాట.

ఆ యుద్ధంలో మరణించిన భారతీయ వర్తక నావికులు దాదాపు ఆరు వేలు. సముద్రం తప్ప వేరే సమాధి వారికి లేదు. వారి పేర్లను పుస్తకాలలో వ్రాసి ముంబయి, చిట్టగాంగ్ నగరాలలో భద్రపరచారు. మొదటి యుద్ధంలో మరణించిన కళాసీల స్మృతికి కోల్‌కతాలో గంగ ఒడ్డున 1924లో కట్టించిన స్తూపం ఉన్నది. యుద్ధనౌకల వీరులకు దక్కిన పతకాలలో, పాఠాలలో వీరికి దక్కిన భాగం స్వల్పం. సైనికుడు కానందువల్ల సైనికుని గౌరవం లేదు. వర్తక సేవకుడే గదా అని శత్రువు దయ చూపలేదు. రెండు లోకాల నడుమ నిలిచిన ఆ ఓడల వలెనే వారి బ్రతుకులు కూడా నిలిచిపోయాయి.

సముద్రం తెలుగువారికి క్రొత్త కాదు. కోరంగి రేవు నుండి బర్మాకు పోయిన వారి మూలంగానే అక్కడ మనవారికి ‘కోరంగీలు’ అన్న పేరు వచ్చింది. కాకినాడ, విశాఖ, కళింగపట్నం, చెన్నపట్నం తీరాలలోని కుటుంబాలలో ఓడ మీద పనిచేసిన తాతయో ముత్తాతయో ఉండి ఉండవచ్చును. వారి సంగతి ఇంట్లో ఒకరిద్దరికే తెలిసి, వారితోనే మరుగున పడిపోతున్నది.

మన పాఠశాల డెబ్బది ఐదేండ్లు నిండించుకొన్న ఈ శుభ సమయంలో పూర్వ విద్యార్థులకు, తలిదండ్రులకు ఒక మనవి. మీ ఇంట అటువంటి పెద్దలుంటే వారి మాటలు వ్రాసి ఉంచండి. పెట్టె అడుగున పాత ఓడ ఉద్యోగపు పుస్తకమో, ఛాయాచిత్రమో, రంగూన్ నుండి వచ్చిన ఉత్తరమో ఉంటే పారవేయక, దాని నకలు ఒకటి పాఠశాల గ్రంథాలయానికి ఇవ్వండి. మార్కోమానియా పేరు జర్మన్లు వ్రాసి ఉంచుకొన్నారు. అట్లాంటిక్ కన్వేయర్ మృతుల పేర్లు బ్రిటిష్ వారు చెక్కి ఉంచుకొన్నారు. మన కళాసీల పేర్లు వ్రాసి ఉంచవలసినది మనమే.